క్విక్ అంటే త్వరగా అనేనా?

పిల్లల్ని స్కూలుకు తరిమేటప్పుడు మనందరం రోజూ వాడే మాట ‘క్విక్’. ఈ విశేషణానికి వేగం అనే అర్థం మొదటినుంచీ ఉన్నది కాదు. ప్రాచీన ఆంగ్లంలో దానర్థం ‘ప్రాణంతో ఉన్న’ అని. ఇదీ, లాటిన్ ‘వీవుస్’, సంస్కృతంలోని ‘జీవ’ ఒకే మూలంనుంచి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే మనం తెలుగులోకి తెచ్చుకున్న ‘జీవం’ దీనికి దాయాది అన్నమాట! ప్రాణమున్నది చురుగ్గా కదులుతుంది. ఆ చురుకే క్రమంగా వేగమై పాత అర్థాన్ని పక్కకు నెట్టింది. అయినా పాదరసం ఇప్పటికీ క్విక్‌సిల్వరే. గోరు మరీ లోపలికి కత్తిరిస్తే చురుక్కుమనే చోటు పేరూ క్విక్కే.

మా వైద్యుల భాషలో పాత అర్థం ఇంకా బతికే ఉంది. గర్భిణికి బిడ్డ కదలిక తొలిసారి తెలియడాన్ని ‘క్వికెనింగ్’ అంటాం. తొలిచూలుకు సుమారు 18 నుంచి 20 వారాల మధ్య, తర్వాతి కాన్పులకు కొంచెం ముందుగా తెలుస్తుంది. “బిడ్డ కదిలిందా?” అని మన అమ్మమ్మలు అడిగేది దీన్నే.

ఇంగ్లండులో శతాబ్దాలపాటు ఈ మాటమీద ఆడవాళ్ళ ప్రాణాలు ఆధారపడ్డాయి. ఉరిశిక్ష పడిన స్త్రీ తాను గర్భవతినని మొరపెట్టుకుంటే, న్యాయస్థానం పన్నెండుమంది అనుభవజ్ఞులైన స్త్రీలను జ్యూరీగా పిలిచి పరీక్ష చేయించేది. కడుపుతో ఉందని తేలితే చాలదు, బిడ్డ ‘క్విక్’ అయి ఉండాలి. అయితే శిక్ష వాయిదా, కాకపోతే ఉరి. బ్లాక్‌స్టన్ 1769లో ఈ భేదాన్ని స్పష్టంగా రాశాడు. మూడు నెలల గర్భిణి గతి ఏమిటి? జాలిపడి ‘క్విక్’ అని చెప్పేసిన జ్యూరీలూ ఉండేవంటారు చరిత్రకారులు. నన్నడిగితే ఆ చట్టంకంటే ఆ ఆడవాళ్ళే నయం. నిజానికి బిడ్డ ఎనిమిదో వారం నాటికే కదలడం మొదలుపెడుతుంది, తల్లికి తెలియడానికి నెలలు పడుతుంది. చట్టం కొలిచింది బిడ్డ ప్రాణాన్ని కాదు, తల్లికి తెలిసిన క్షణాన్ని. 1820లలో స్టెతస్కోపుతో గర్భస్థ శిశువు గుండె చప్పుడు వినడం నేర్చేదాకా వైద్యుడికీ ఆమె మాటే ప్రధానమైన ఆధారం.

1803 చట్టం క్వికెనింగ్ తర్వాత గర్భస్రావం చేయించిన వారికి మరణశిక్ష విధించింది. అంతకుముందైతే తక్కువ శిక్ష. 1837లో మరణశిక్షా పోయింది, ఆ భేదమూ పోయింది. గర్భిణులకు ఉరిశిక్ష, ఆ స్త్రీల జ్యూరీ రెండూ 1931లో రద్దయ్యాయి.

విచిత్రమేమిటంటే, ఇంగ్లండు వదిలేసిన ఆ భేదాన్ని 1860లో భారత శిక్షాస్మృతిలో పెట్టారు. 312వ సెక్షన్ ప్రకారం గర్భస్రావానికి మూడేళ్ళ వరకు జైలు. స్త్రీ ‘క్విక్ విత్ చైల్డ్’ అయితే ఏడేళ్ళ వరకు. 1971 వైద్య గర్భస్రావ చట్టం డాక్టర్లకు కొన్ని షరతులమీద మినహాయింపు ఇచ్చింది కాని ఆ మాటను కదిలించలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, పాత శిక్షాస్మృతిని తీసేస్తూ కూడా, దాన్ని 88వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. క్విక్ అంటే ఏమిటో నిర్వచనం మాత్రం ఆనాడూ ఇవ్వలేదు, ఈనాడూ ఇవ్వలేదు.