శక్కర్‌నగర్ కోళ్ల గూడు

బోధన్ శక్కర్‌నగర్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర పాత కోళ్ల గూడు కొన్నాం. జాలీ తుప్పు పట్టింది, తలుపు ఊడింది. "ఫ్యాక్టరీ నడిచిన రోజులది బిడ్డా" అంది అత్తమ్మ.

1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక మంజీర నీళ్లతో ఇక్కడ చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది.

"అప్పుడు గుడ్లు అమ్మే పిల్లల నోటుబుక్కులు కొన్నా" అంది గూడు అమ్మినామె. ఇంక బేరమాడలేదు.

పేలు పోవాలని సందుల్లో సున్నం కొట్టాం, కొత్త జాలీ బిగించాం. పాత గడియ మాత్రం ఉంచేశాం. ఒక్క ఆదివారంలో గూడు బాగైంది. ఫ్యాక్టరీ కోసం బోధన్ ఇంకా చూస్తూనే ఉంది.