పడవ కడిగే సబ్బు, మన చౌడు నేల



పోయిన వారం మన గ్రూపులో నెల్లూరు తీరాన ఉండే తమ్ముడొకడు ఒక ప్రశ్న అడిగాడు. "నాది ఫైబర్ పడవ. వేటకు పోయి వచ్చిన ప్రతిసారీ కడగాలి. మా ఇంటామె కడుగుతుంది. చేతులు పగిలిపోతున్నాయి. చౌకలో మంచి సబ్బు ఏది?" అని. దానికి జవాబుల కంటే నవ్వులు ఎక్కువ వచ్చాయి. "తిరుమణిలో వానే లేదు, పడవ సంగతి మమ్మల్ని అడుగుతావా" అని ఒకరు రాశారు. నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక ఆ చేతుల మాట గుర్తొచ్చింది. అందుకే ఈ పొడుగు రాత. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. అక్షర దోషాలుంటే సర్దుకోండి.

మా నాయన రైల్వేలో గ్యాంగ్ మనిషి. తమిళనాట క్వార్టర్సులో పెరిగాను. వేసవి సెలవులకు తిరుమణి వచ్చేవాళ్ళం. వచ్చిన మొదటి రోజే అమ్మ గొణుగుడు మొదలు: "ఈ బావి నీళ్ళకు సబ్బు నురగే రాదు." అదే సబ్బు, అవే చేతులు. అక్కడ నురగ, ఇక్కడ తెల్లటి జిడ్డు. కారణం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మన నీళ్ళలో సున్నం, మెగ్నీషియం ఎక్కువ. ఇవి సబ్బును పట్టుకుని విరిచేస్తాయి, పాలు విరిగినట్టు. సముద్రపు నీళ్ళలో ఇవి ఇంకా ఎక్కువ, పైగా ఉప్పు. అంటే తమ్ముడి బాధ, మా అమ్మ బాధ ఒకటే. తిరుమణికీ సముద్రానికీ ఇదొక చుట్టరికం.

మరి సబ్బు రాకముందు మనవాళ్ళు ఏం చేశారు? నేల ఇచ్చింది వాడుకున్నారు. వేసవిలో చౌడు నేల మీద తెల్లగా పొంగే మన్ను ఉంది చూడండి, అందులో సోడా ఉంటుంది. చాకలివాళ్ళు దాన్ని పోగుచేసి, నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలో బట్టలు తడిపి ఉబ్బకు వేసేవారు. సోడా ముందు నీళ్ళలోని సున్నాన్ని పక్కకు దించేస్తుంది, తర్వాత జిడ్డు మీద పని చేస్తుంది. నీళ్ళను బాగుచేసి ఆపైన బట్టను బాగుచేయడం అన్నమాట. ఈ చదువు ఏ కాలేజీలోనూ చెప్పకముందే రేవు దగ్గర ఉంది. ఆ పని చేసినవాళ్ళకు మనం ఇచ్చిన గౌరవం ఎంతో మనకందరికీ తెలుసు. చరిత్ర రాసేటప్పుడైనా వాళ్ళ పేరు ముందు రావాలి.

తమిళంలో సబ్బును సవుక్కారం అంటారు. బడిలో ఆ మాట విన్నప్పుడల్లా నా చెవికి మన చౌడూ, క్షారమూ రెండూ వినిపించేవి. సబ్బు అన్న మాట మాత్రం పడవెక్కి వచ్చినదే. అరబ్బుల సాబూన్, పోర్చుగీసుల సబావ్ దాని బంధువులు. ఇక కుంకుడుకాయ ఉండనే ఉంది. గట్టి నీళ్ళలో విరిగే బాధ దానికి తక్కువ.

కంపెనీ సబ్బు కథ 1888లో మొదలవుతుంది. ఆ ఏడు ఇంగ్లాండు నుంచి సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. అసలు మలుపు మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంలో వచ్చింది. ఆ ఒక్క యుద్ధంలో మూడు పనులు జరిగాయి. ఒకటి మన దగ్గరే. మైసూరు గంధపు చెక్క విదేశాలకు పోవడం ఆగిపోయింది. నాల్వడి కృష్ణరాజ ఒడయారు, దివాన్ విశ్వేశ్వరయ్య కలిసి 1916-18 మధ్య గంధపు నూనెకు, సబ్బుకు ప్రభుత్వ ఫ్యాక్టరీలు పెట్టించారు. ఎస్.జి. శాస్త్రి గారిని ఇంగ్లాండు పంపి ఆ విద్య నేర్పించారు. పావగడ అప్పుడు మైసూరు సంస్థానంలోనిదే, చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీ. మన రాజుగారి సబ్బు అని మా తాత గొప్పగా చెప్పేవాడు. కొనింది మాత్రం పెళ్ళిళ్ళకే.

రెండోది 1917లో టాటా ఆయిల్ మిల్స్. కొచ్చిన్ దగ్గర టాటాపురంలో కొబ్బరి నూనె తీశారు, తర్వాత సబ్బులు చేశారు. 501 బార్ సబ్బు మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. 1993లో ఆ కంపెనీ హిందుస్తాన్ లీవర్‌లో కలిసిపోయింది.

మూడోది జర్మనీలో. యుద్ధంలో కొవ్వుకు కరువొచ్చి, కొవ్వు లేకుండా సబ్బులాంటిది చేయగలమా అని వాళ్ళ రసాయన శాస్త్రవేత్తలు చూశారు. ఆ దారిలో వచ్చిందే డిటర్జెంట్. ఇది గట్టి నీళ్ళలో విరగదు. మన దేశంలో 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో పొడి కలిపి, సైకిల్ మీద తిరిగి, పెద్ద కంపెనీ ధరలో మూడో వంతుకే అమ్మాడు. అదే నిర్మా. మా అమ్మకు తిరుమణి బావి నీళ్ళలో మొదటిసారి నురగ చూపించింది ఆ పసుప్పచ్చ పొడే.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డబ్బు మిగులుతుందని పేరులేని చౌక బార్ సబ్బు డజను కొని అమ్మకిచ్చాను. అందులో కాస్టిక్ ఎక్కువ. నెల తిరక్కుండా అమ్మ వేళ్ళు చీలిపోయాయి. "పర్వాలేదు నాయనా, మరకలు బాగా పోతున్నాయి" అంది. ముద్ద కలపడానికి వేళ్ళు మంటెత్తి చెంచాతో తింటుంటే చూసి మిగిలినవి పారేశాను. నేను మిగిల్చింది అప్పట్లో ఆరో ఏడో రూపాయలు.

ఇప్పుడు పడవ. పాత చెక్క పడవకు సబ్బుతో పని తక్కువ. ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకి, ఎండబెట్టి, చేపనూనె రాసేవారు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం మన తూర్పు తీరానికి తగిన పడవల మీద పనిచేసింది. తర్వాత తర్వాత ఫైబర్ పడవలు తెప్పల చోటు తీసుకున్నాయి. ఫైబర్‌కు నూనె అక్కర్లేదు గానీ చేప రక్తం, డీజిల్ జిడ్డు, ఉప్పు పేరుకుంటాయి. పైనున్న నున్నటి పూత గీసుకుపోతే మురికి ఇంకా పడుతుంది.

తమ్ముడూ, నా లెక్క ఇది. గూడ్స్ క్లర్కుకు టిక్కెట్టు ధర కంటే క్వింటాలుకు ఎంత పడింది అన్నదే ముఖ్యం. సబ్బుకూ అంతే. కిలో ధర చూడొద్దు, బకెట్ ధర చూడు. మాటకు, లీటరు వంద రూపాయల ద్రవం ఇరవై బకెట్లు వస్తే బకెట్‌కు ఐదు రూపాయలు. కిలో అరవై రూపాయల పొడి ఆరు బకెట్లకే అయిపోతే బకెట్‌కు పది. చౌక ఏదో నువ్వే చెప్పు.

ముందు మంచినీళ్ళతో ఉప్పు పోగొట్టు. ఆ తర్వాత గాఢత తక్కువ ఉన్న డిటర్జెంట్ ద్రవం నీళ్ళలో కలిపి మెత్తటి గుడ్డతో కడగండి. మంచినీళ్ళు అసలు దొరక్కపోతే కొబ్బరి నూనె సబ్బు వాడు. ఉప్పు నీళ్ళలో కూడా నురగ ఇచ్చేది అదే, ఓడల్లో నావికులు వాడిందీ అదే. సోడా, కాస్టిక్ వద్దు. అల్యూమినియం భాగాలను తినేస్తాయి, ఆమె చేతుల్నీ తినేస్తాయి. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఒక జత రబ్బరు చేతొడుగులు కొను. సబ్బు ఖర్చులో దాన్నీ కలిపి రాసుకో.

కడిగిన నీళ్ళు కాలువలోకి వదలకు. ఒడ్డు మీద, ఇసుకలో కడుగు. బెంగళూరులో ఉన్న మనవాళ్ళు 2015లో బెళ్ళందూరు చెరువు నురగ చూశారు, ఆ నురగకు నిప్పంటుకోవడమూ చూశారు. ఊరి మురుగుతో పాటు మన ఇళ్ళ సబ్బు నీళ్ళు చేరినచోటు అది.

చివరికి మన ఊరు. ఇప్పుడు తిరుమణి చుట్టూ ఐదు ఊళ్ళలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పలకలు సముద్రంలా నీలంగా ఉన్నాయి. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు లెక్కన భూములిచ్చాం. ఆ పలకల మీదా దుమ్ము పడుతుంది, వాటినీ కడగాలి. మన బోరు నీళ్ళు అద్దం మీద ఎండితే తెల్ల మరక. మళ్ళీ అదే ప్రశ్న. ఫ్లోరైడ్ లేని తాగునీళ్ళకే తిప్పలు పడిన తాలూకాలో, కడగడానికి ఏ నీళ్ళు, ఎన్ని, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయి అని అడిగే హక్కు మనకుంది. ఈసారి సమావేశంలో అడుగుదాం.

ఇంకొక మాట. చౌడు పోగుచేసి ఉబ్బ వేసిన పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా కొందరున్నారు. పిల్లలెవరైనా ఫోన్‌లో వాళ్ళ మాటలు పట్టి పెట్టండి. చక్రాల బండి మీద టీ తాగినంత సేపు చాలు.

తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. తమ్ముడూ, చేతొడుగులు కొన్నాక గ్రూపులో ఒక మాట రాయి.