అరకు ఘాట్‌కు ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు: బల్బు మార్పించే ముందు

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. డిసెంబర్, జనవరిల్లో సాయంత్రం ఐదున్నర దాటితే చాలు, చీకటి, పొగమంచు కలిసి దిగుతాయి. ఒకసారి ఈ దారిలో రాత్రి తిరిగొచ్చిన వాళ్లకు పాత హాలోజెన్ లైట్లు చాలవనిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బులు పెట్టించడం పెద్ద పనేం కాదు, పది నిమిషాల్లో అయిపోతుంది. అసలు సమస్య ఆ తర్వాతే.

హాలోజెన్‌లో వెలుగు సన్నటి ఫిలమెంట్ నుంచి చుట్టూ వస్తుంది. వెనకున్న రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ ఫిలమెంట్ ఉండే చోటును బట్టి చేసినవే. ఎల్‌ఈడీ బల్బులో చిప్‌లు రెండు పక్కలా అతికించి ఉంటాయి. అవి కాస్త అటూ ఇటూ అయినా రోడ్డు మీద పడాల్సిన వెలుగు పైకి లేస్తుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి డిప్ బీమ్ ఎడమవైపు కొంచెం ఎత్తుగా, ఎదుటి బండి వచ్చే కుడివైపు కిందికి ఉండాలి. ఆ గీత చెదిరితే వెలుగు నేరుగా ఎదుటి డ్రైవర్ కళ్లలోకే.

ఘాట్ మలుపుల్లో ఇది ఇంకా ఎక్కువ. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవర్‌కు మూడు సెకన్లు కళ్లు బైర్లు కమ్మితే బండి 33 మీటర్లు గుడ్డిగా వెళ్తుంది. ఆ రోడ్డు అంచున సంత నుంచి ఇళ్లకు నడిచిపోయే గిరిజనులుంటారు, పశువులుంటాయి. వాళ్ల చేతిలో ఒక్కోసారి టార్చి కూడా ఉండదు.

పొగమంచులోనూ తెల్లటి ఎల్‌ఈడీ గొప్పేం కాదు. పైకి లేచిన వెలుగు నీటి తుంపరలకు తగిలి మన కళ్లకే తిరిగొస్తుంది, ముందు తెల్లటి గోడ కట్టినట్టు ఉంటుంది. అక్కడ డిప్ బీమ్, కింద ఫాగ్ ల్యాంపులు, తగ్గించిన వేగమే పనికొస్తాయి. హై బీమ్ వద్దు.

కరెంటు ఆదా అవుతుందనే మాటకు లెక్క చూద్దాం. రెండు లైట్లకు కలిపి 60 వాట్లు తగ్గాయనుకున్నా, మూడు గంటల ప్రయాణంలో మిగిలేది 0.18 యూనిట్. దానికోసమైతే మార్చక్కర్లేదు!

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. హాలోజెన్ కోసం ఆమోదం పొందిన లైటులో ఎల్‌ఈడీ పెడితే ఆ ఆమోదం వర్తించదు. మోటారు వాహనాల చట్టం 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. జర్మనీలో 2020లో ఆస్రామ్ కంపెనీ హెచ్7 ఎల్‌ఈడీ బల్బుకు అనుమతి వచ్చింది, అదీ పరీక్షించిన కొన్ని కార్ల మోడళ్లకే. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన కార్ల సంగతి వేరు, వాటి లైటు మొత్తం దానికోసమే తయారైంది.

అందుకే ముందు ఉన్న లైట్లను బాగుచేయించుకోవడం మేలు. పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాన్ని పాలిష్ చేయిస్తేనే తేడా కనిపిస్తుంది. పాత బండిలో వైరింగ్ వల్ల బల్బుకు వోల్టేజ్ సరిగా అందదు, రిలే కిట్ వేయిస్తే ఆ లోటు తీరుతుంది. బల్బులు జతగా మార్చండి, గాజును వేళ్లతో తాకొద్దు. హెచ్4 అయితే 60/55 వాట్లదే తీసుకోండి. అంతకంటే ఎక్కువ వాట్లవి పెడితే వైర్లు, రిఫ్లెక్టర్ పాడవుతాయి.

ఏ బల్బు ఉన్నా గోడ పరీక్ష తప్పనిసరి. చదును నేల మీద బండిని గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, నేల నుంచి లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద గుర్తు పెట్టండి. డిప్ బీమ్ పై అంచు కుడివైపున ఆ గుర్తుకు దాదాపు 10 సెంటీమీటర్లు కిందుండాలి. పైన పడితే మెకానిక్‌తో సరిచేయించండి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఉంటే ముందుభాగం లేచి లైట్లు పైకి పోతాయి. చాలా కార్లలో స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉండేది అందుకే. అంకె పెరిగేకొద్దీ వెలుగు కిందికి దిగుతుంది. శృంగవరపుకోటలో టీకి ఆగినప్పుడు దాన్ని ఓ అంకె తిప్పుకోండి.