ఓరుగంటికి వచ్చిన వచనగ్రంథము

కాకతీయ రుద్రదేవుఁడు 1163లో వేయిస్తంభముల గుడిని నిలిపిన హనుమకొండలో, 1879వ సంవత్సరమున అమెరికా బాప్టిస్టు మిషనువారు తమ స్థావరము నొకదానిని నెలకొల్పిరి. సికింద్రాబాదు నుండి బెజవాడకు రైలుమార్గము పూర్తియగుటకుఁ బదియేండ్ల ముందటి మాట యిది. నిజాము కచేరీలలోఁ దెలుఁగునకుఁ జోటులేక, అచ్చుపడిన తెలుఁగు పుస్తకము పల్లెకుఁ జేరుట యరుదుగానున్న ఆ దినములలో ఈ బోధకులు చేతఁబట్టుకొనివచ్చిన వేదపుస్తకము ఎవరి శ్రమఫలమో తెలిసికొనవలెనన్న మనము తీరసీమకుఁ బోవలసినదే.

1805లో విశాఖపట్టణమున దిగిన క్రాను, దెగ్రాంజి యను ఇరువురు దొరలు ఆనందరాయరను బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెనిఁగింపఁ దొడఁగి, అయిదేండ్లు గడచులోపలనే ఒకరి వెనుక నొకరు గతించిరి. ఆ పట్టణముననే పిదప జాన్ హే పండితుఁడు దశాబ్దములపాటు ఈ పనియందే యుండెను. అయినను జ్ఞానస్నానవిషయమున బాప్టిస్టుల సిద్ధాంతము వేరగుటచే వారికిఁ దమదైన క్రొత్త నిబంధన పాఠము కావలసివచ్చెను. ఆ భారము లైమన్ జూయెట్టు పై బడెను.

ఈయన 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జన్మించి, బ్రౌను విశ్వవిద్యాలయమునను న్యూటను వేదాంత పాఠశాలయందును జదివి, 1849లో నెల్లూరు చేరెను. 1854 జనవరి మొదటి తేదీ తెల్లవాఱుజామున జూయెట్టు దంపతులును ముగ్గురు తెలుఁగు క్రైస్తవులును ఒంగోలు ప్రక్కనున్న గుట్టనెక్కి ప్రార్థించిన కథను ఆ ప్రాంతపు క్రైస్తవులు నేఁటికిని జెప్పుకొందురు. ఫలము లేని ఈ మిషనును ఎత్తివేయుదమని స్వదేశమున నున్న పెద్దలు తలపోసినపుడు, తానొక్కఁడనే మరలిపోయి తెలుఁగువారి నడుమనే చత్తునని పట్టుపట్టి నిలిపినవాఁడు ఈయనయే. తాళ్లకొండపాడు నుండి వచ్చిన యెఱ్ఱగుంట్ల పేరయ్యకు 1866లో బాప్తిస్మమిచ్చినదియు ఈయనయే. తోళ్ల వ్యాపారము చేయు మాదిగ కులస్థుఁడును, అంతకుమున్ను యోగాభ్యాసము చేసినవాఁడునగు ఈ పేరయ్య వలననే ఒంగోలు సీమలో మహోద్యమము మొదలయ్యెను. కాటకమునకుఁ బిదప 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఆ కీర్తి ఒంగోలు మిషనరీయగు క్లౌ దొరకు దక్కినది. ఆ యేఁటనే జూయెట్టు మద్రాసునకుఁ జేరి, క్రొత్త నిబంధన సంస్కరణమున మునిఁగెను. జనసమూహముల నాకర్షించు శక్తి కంటె గ్రీకు మూలముతోఁ దెలుఁగు వాక్యమును సరిచూచుకొను నోర్మియే ఈయన స్వభావమునకుఁ దగినదని నాకుఁ దోఁచును. వార్ధకమున స్వదేశమునకు మరలి 1897లోఁ గాలధర్మము నొందెను.

జూయెట్టు తెలుఁగు వచనము సర్వత్ర సుందరమని యెవ్వరును జెప్పఁజాలరు. గ్రీకు పదక్రమమునకు లొంగి తెలుఁగు నడక కుంటువడిన తావులు పెక్కు గలవు. కాని పద్యకావ్యము నందుకొనని, బడి గడప త్రొక్కనీయఁబడని మాలమాదిగ కుటుంబములకు ఆ గ్రంథమే తొలి వాచకమయ్యెను. అక్షరములు నేర్చుట యనఁగా దానిని జదువుటయే. ఓరుగంటి ప్రాంతమునఁ దెలుఁగు చదువుల చరిత్రను 1904లో హనుమకొండయందు వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయముతో మొదలిడుట మనవారికి వాడుక. ఆ భాషానిలయపు గౌరవమునకు వచ్చు లోటేమియు లేదు గాని, దానికి ఇరువదియైదేండ్లకు ముందే అదే యూర అచ్చుపుస్తకము ముందిడుకొని దీపము క్రింద గుణింతములు కూడఁబలుకుకొన్న ఆ తొలి చదువరులను మన సారస్వత చరిత్రకారులు లెక్కలోనికిఁ దీసికొనకపోవుట మాత్రము అన్యాయము.