మంత్రి స్థానంలో రాణి: ‘శత్రంజ్ కే ఖిలాడీ’ కథ, చలనచిత్రం

చలనచిత్రాలలో చదరంగం ఎక్కువగా మేధకో, వ్యూహానికో, విధికో సంకేతంగా కనిపిస్తుంది. ఇంగ్మార్ బెర్గ్‌మన్ ‘ది సెవెంత్ సీల్’ (1957)లో యోధుడు సాక్షాత్తు మృత్యువుతోనే చదరంగం ఆడతాడు. ఇటువంటి చిత్రాలలో ప్రేక్షకుని దృష్టి గెలుపోటముల మీద నిలుస్తుంది. ఆట నియమాలు చర్చకు రావు. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ (1977) ఇందుకు భిన్నమైనది. ఇందులో నియమాల మార్పే చరిత్రను చెబుతుంది.

చిత్రానికి ఆధారం ప్రేమ్‌చంద్ 1924లో ప్రకటించిన కథ. వాజిద్ అలీ షా ఏలుబడిలోని లక్నోలో మీర్జా సజ్జాద్ అలీ, మీర్ రోషన్ అలీ అనే ఇద్దరు జాగీర్దారులు ఇల్లూ వాకిలీ మరచి చదరంగంలో మునిగి ఉంటారు. కథలో చదరంగం ఒక వ్యసనం, ఒక వర్గపు పతనానికి గుర్తు. నవాబు బందీ అయినా చలించని ఈ ఇద్దరూ చివరకు ఆటలో తగవుపడి, కత్తులు దూసి, ఒకరి చేతిలో ఒకరు మరణిస్తారు. రాజ్యరక్షణకు పనికిరాని శౌర్యం బల్ల మీది మంత్రి కోసం ఖర్చయిందన్నది కథకుని వ్యంగ్యం.

రాయ్ ఈ ఇతివృత్తానికి రెండు ముఖ్యమైన మార్పులు చేశారు. మొదటిది, మున్షీ నందలాల్ పాత్ర ద్వారా ఆంగ్లేయుల చదరంగాన్ని ప్రస్తావించడం. ఆ పద్ధతిలో మంత్రి స్థానంలో రాణి ఉంటుంది; బంటు తొలి ఎత్తులోనే రెండు గళ్ళు నడవగలదు; ఆట త్వరగా ముగుస్తుంది. వినోదంగా సాగే ఈ సంభాషణకు సమాంతరంగా రెసిడెంట్ ఔట్రమ్, వాజిద్ అలీ షాల కథ నడుస్తుంది. 1801 నాటి ఒప్పందంతో అవధ్ రాజ్యంలో దాదాపు సగభాగం కంపెనీ వశమైంది. 1856లో కంపెనీ మిగిలిన పాలనాధికారాన్ని కూడా అప్పగించే కొత్త ఒప్పందాన్ని నవాబు ముందుంచింది. ఆయన సంతకం చేయలేదు. అయినా ఫిబ్రవరిలో రాజ్యం కంపెనీ పాలనలో విలీనమైంది. ఆట నడుస్తుండగానే నియమాలను ఒకే పక్షం మార్చివేసిందన్న మాట.

రెండవ మార్పు ముగింపులో ఉంది. చిత్రంలో మీర్ తుపాకి పేల్చినా మీర్జా ప్రాణాలతో బయటపడతాడు. కంపెనీ సైన్యం నగరంలోకి ప్రవేశించిన తరువాత మిత్రులిద్దరూ మళ్ళీ బల్ల ముందు కూర్చుంటారు. ఈసారి వారు ఆడబోయేది ఆంగ్లేయుల పద్ధతిలో. మంత్రి తొలగి, విక్టోరియా రాణికి చోటిస్తాడు. ప్రేమ్‌చంద్ పాత్రలకు మరణం శిక్ష అయితే, రాయ్ పాత్రలకు కొత్త నియమానికి అలవాటుపడి బ్రతకడమే శిక్ష. రాజ్యం పోయిన సంగతి వారికి తెలుసు. సిగ్గు కూడా ఉంది. అయినా ఆట ఆగదు.

ఈ మార్పు వల్ల బాధ్యత అనే ప్రశ్న జటిలమవుతుంది. కథలో నింద ప్రధానంగా లక్నో విలాస జీవితం మీద పడుతుంది. చిత్రం ఆ విలాసాన్ని మన్నించదు. కాని కంపెనీ ఒప్పందభంగాన్ని దాని పక్కనే నిలబెడుతుంది. నవాబును కవిగా, సంగీత నృత్య ప్రియుడుగా చూపుతూనే, పాలనలో అతని వైఫల్యాన్ని అతని నోటనే ఒప్పిస్తుంది. వాజిద్ అలీ షాను కించపరిచారన్న విమర్శ వచ్చినప్పుడు రాయ్ స్వయంగా సమాధానమిచ్చారు. ఆక్రమణదారుని అన్యాయం పాలకుని అలసత్వాన్ని కప్పిపుచ్చదు; పాలకుని అలసత్వం ఆక్రమణను సమర్థించదు. చిత్రం ఈ రెండు వాక్యాలనూ విడదీయక చెబుతుంది.

తెలుగు ప్రేక్షకునికి ఈ ముగింపు మరింత సన్నిహితమైనది. ఆంగ్లేయులు రాణి అని పిలిచే పావును తెలుగువారు నేటికీ మంత్రి అనే అంటారు. అంతర్జాతీయ నియమాలతో ఆడే తెలుగు ఆటగాని బల్ల మీద కదలిక కొత్తది, పేరు పాతది. మీర్, మీర్జాలు ఆట పేరుతో తొలగించిన మంత్రి భాషలో మాత్రం తన స్థానాన్ని వదులుకోలేదు. అధికారం మార్చిన నియమాలన్నింటికీ భాష వెంటనే తలవంచదనడానికి ఈ చిన్న పదం ఒక సాక్ష్యం.