నార్డిక్ వాకింగ్: రెండు కర్రలతో ఇంటిల్లిపాదీ చేయగల నడక

ఫిన్లాండ్‌లో స్కీయింగ్ క్రీడాకారులకు ఎండాకాలం వస్తే ఒక చిక్కు. మంచు కరిగిపోతుంది, ప్రాక్టీసు ఆగిపోతుంది. అందుకని స్కీ కర్రలు చేత పట్టుకుని మట్టిదారుల్లో నడిచేవాళ్లు. నార్డిక్ వాకింగ్‌కు మూలం అదే. 1966లో హెల్సింకీలో లీనా యాస్కెలైనెన్ అనే వ్యాయామ టీచర్ విద్యార్థులకు ఈ నడక నేర్పారు. 1997లో ఎక్సెల్ కంపెనీ దీనికోసమే ప్రత్యేకంగా కర్రలు తయారుచేశాక మామూలు జనంలోకి వచ్చింది. అక్కడి భాషలో దీని పేరుకు అర్థం 'కర్ర నడక', అంతే.

మొదట్లో వీళ్లను చూసి అక్కడి జనం కూడా నవ్వారు. "స్కీలు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని ఎగతాళి. నలుగురూ గుంపుగా నడవడం మొదలయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది.

మన ఇళ్లల్లోనూ అడ్డు ఇదే కదా. షుగరు, బీపీ ఉన్న అమ్మీని నడవమంటే "ఎవరన్నా చూస్తే?" అంటారు. నానీమాకు చేతికర్ర ఇస్తే ముసలిదాన్ని చేశారని అలుగుతారు. ఒక కర్ర చూస్తే జబ్బు గుర్తొస్తుంది, రెండు కర్రలు చూస్తే ఆట గుర్తొస్తుంది. కోడలు, అత్త, పక్కింటి ఖాలా కలిసి బయల్దేరితే ఎవరూ ఎవర్నీ వింతగా చూడరు. వేగం ఎవరిది వాళ్లది. చురుగ్గా ఉన్నవాళ్లు కర్రను గట్టిగా నెడతారు, నెమ్మదిగా నడిచేవాళ్లు ఆసరాగా పట్టుకుంటారు.

పద్ధతి చూద్దాం. కర్రను ముసలాయన చేతికర్రలా ముందు ఆనించకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కొన ఎప్పుడూ వెనక్కి వాలి ఉండాలి. ఎడమ కాలు ముందుకు పడినప్పుడు కుడి చెయ్యి ముందుకు రావాలి. కర్రను నేలకు నొక్కి, చెయ్యి నడుము దాటి వెనక్కి వెళ్లేదాకా నెట్టి, అక్కడ పిడికిలి వదిలెయ్యాలి. చేతికి తొడుగులాంటి పట్టీ ఉంటుంది కాబట్టి కర్ర జారిపోదు. కొత్తవాళ్లు మొదటి రోజు కర్రల్ని ఊరికే వెనక ఈడ్చుకుంటూ నడిస్తే చాలు, చేతులు వాటంతటవే లయ పట్టుకుంటాయి.

కర్ర పొడవుకు లెక్క తేలికే. మీ ఎత్తును 0.68తో గుణించండి. 160 సెంటీమీటర్ల మనిషికి దాదాపు 109 సెంటీమీటర్లు. కొత్తవాళ్లకు కాస్త పొట్టిదైనా ఫర్వాలేదు.

లాభం ఏంటంటే, కాళ్లతో పాటు భుజాలు, చేతులు, వీపు కూడా పనిచేస్తాయి. అదే వేగంతో మామూలుగా నడిచినదానికన్నా శరీరం ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. 2022లో కెనడాలోని ఒట్టావా హార్ట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు గుండె రక్తనాళాల జబ్బు ఉన్న 130 మందిని పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. 12 వారాల శిక్షణ తీసుకున్నవాళ్లలో ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం నార్డిక్ వాకింగ్ చేసినవాళ్లకే ఎక్కువగా పెరిగింది. పార్కిన్‌సన్ రోగుల నడక మెరుగుపరచడానికి కూడా దీన్ని వాడుతున్నారు. అయితే "మోకాళ్ల మీద బరువు సగానికి తగ్గిపోతుంది" లాంటి ప్రచారాలు నమ్మకండి. మోకాలి భారం తగ్గుతుందా లేదా అన్నదానిపై పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు.

బురఖా వేసుకునే ఆడవాళ్లకు ఒక్క జాగ్రత్త: అంచు మడమల పైకి ఉండాలి, లేకపోతే కర్ర కొన అందులో చిక్కుకుంటుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. పడిపోయేటప్పుడు కర్రను పట్టుకునే ఉంటే బొటనవేలు బెణుకుతుంది, కాబట్టి వదిలెయ్యడం అలవాటు చేసుకోవాలి. గుండె ఆపరేషన్ అయినవాళ్లు, తరచూ తల తిరిగేవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

కొనేటప్పుడు పొడవు మార్చుకోగలిగేవి తీసుకుంటే ఒక్క జత ఇంట్లో అందరికీ పనికొస్తుంది. అబ్బా పొద్దున, అమ్మీ సాయంత్రం. కొండలెక్కే ట్రెక్కింగ్ కర్రల పట్టీ వేరు, దాంతో చెయ్యి వెనక వదలడం కుదరదు. తారు, సిమెంటు రోడ్ల మీద కొనలకు రబ్బరు టోపీలు తొడగాలి, మట్టిలో తీసెయ్యాలి. ఆ టోపీలు త్వరగా అరుగుతాయి, అదనంగా ఒక జత అప్పుడే అడిగి తీసుకోండి.