అధికారి యడిగిన చందా

కార్యాలయములలో పనిచేసినవారికెల్ల చందాకాగితము పరిచితమే. ఎక్కడనో వరద వచ్చినదనియో, తుపాను కొట్టినదనియో, వైద్యశాల కట్టుచున్నారనియో యొక కాగితము బల్లనుండి బల్లకు నడచి వచ్చును. దాని మొదటి వరుసలో పైయధికారి పేరును, ఆ పేరున కెదురుగా నొక పెద్దమొత్తమును ఉండును. ఆ క్రింద హెడ్డుగుమాస్తా, ఆ క్రింద గుమాస్తాలు, అందరికిని అడుగున జవాను. నేను చిన్నతనమున పనిచేసిన యొక కార్యాలయమునకు అట్టి కాగితము వచ్చినప్పుడు, మా జవాను తన పేరున కెదుట వ్రాయవలసిన రూపాయలను నాయొద్దనే బదులు తీసికొని, నాకంటె ముందుగా వ్రేలిముద్ర వేసెను. ఇంటిలో నింత యిబ్బంది యుండగా నీవేల యిచ్చితివని యడిగితిని. "అయ్యగారు కాగితం చూస్తారు గదండీ" అని యతడు బదులు చెప్పెను.

అతనికి వరదబాధితులయెడ జాలి లేదని నేననజాలను. కాని యా రూపాయలను అతనిచేత నిప్పించినది జాలి కాదు. అడిగినవాని చేతిలో అడుగబడినవాని కూడు ఉన్నప్పుడు, ఇచ్చినది దానమగునా, పన్నగునా? ఈ ప్రశ్న మన కాలమునందు పుట్టినది కాదు. దీని చరిత్ర మిక్కిలి పెద్దది. అందు కొన్ని ఘట్టములనైనను చదువరులు తెలిసికొనదగును.

ఇంగ్లాండును ఏలిన నాలుగవ ఎడ్వర్డు ఫ్రాన్సుమీదికి దండెత్తదలచి, 1475 వ సంవత్సరపు దండయాత్రకు ముందు ధనవంతులైన ప్రజలను ఒక్కొక్కరినిగా పిలిపించి, ముఖాముఖిగా ధనమడిగెను. దానికి 'బెనెవొలెన్సు' అని పేరు పెట్టిరి. అనగా సద్భావముతో నిచ్చినది యని యర్థము. పన్ను వేయవలెనన్న పార్లమెంటు అనుమతి కావలెను. బహుమతి పుచ్చుకొనుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. ఒక ధనికురాలైన వితంతువు పది పౌనులిచ్చెదనని చెప్పగా, రాజు సంతసించి యామెను ముద్దుపెట్టుకొనెననియు, ఆమె యంతట ఇరువది పౌనులిచ్చెననియు నా కాలపు వృత్తాంతములలో నొక కథ కలదు. కథ వినుటకు వేడుకగా నున్నది గాని, రాజు ఎదుట నిలిచి లేదనగల ధైర్యము వారిలో నెందరికుండెనో మనము ఊహింపవచ్చును. 1484 లో మూడవ రిచర్డు పార్లమెంటు ఈ పద్ధతిని చట్టముచే నిషేధించెను. ఏడేండ్లు గడచిన పిమ్మట, 1491 లో, ఏడవ హెన్రీ దానిని మరల లేవనెత్తెను. అతని మంత్రియైన మోర్టనను మతగురువు పన్నిన యుక్తి ప్రసిద్ధము. ఆడంబరముగా బ్రదుకువానితో, నీవింత ఖర్చు చేయుచున్నావు గావున రాజునకు నీయగలవనునట. పొదుపుగా బ్రదుకువానితో, నీవు ఖర్చు చేయక కూడబెట్టితివి గావున నీయగలవనునట. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఈ యుక్తి నిజముగా మోర్టనుదేనా యను సందేహము చరిత్రకారులకు కలదు. దీనిని పుస్తకమున కెక్కించినవాడు నూరేండ్లకు పైగా గడచిన తరువాతి బేకను. ఎవరిదైనను యుక్తి మాత్రము చావలేదు. తుదకు 1628 లో పార్లమెంటు మొదటి చార్లెసుచే నొప్పించుకొన్న హక్కుల విన్నపమునందు, పార్లమెంటు సమ్మతి లేక యెవనినిగాని బహుమతిగాని, అప్పుగాని, బెనెవొలెన్సుగాని, పన్నుగాని యిమ్మని నిర్బంధింపరాదని వ్రాయించిరి. బహుమతిని పన్ను ప్రక్కను కూర్చుండబెట్టుట గమనింపుడు. పేరు మారినంతమాత్రమున వస్తువు మారదని వారు నూటయేబదియేండ్ల యనుభవముచే నేర్చుకొనిరి.

రాజులకాలము పోయి కర్మాగారముల కాలము వచ్చిన పిమ్మట అడుగువాడు యజమానుడయ్యెను. అయినను కార్మికుల చందాలన్నియు నిర్బంధములే యనుట న్యాయము గాదు. 1873 ప్రాంతమున బర్మింగుహాము, లండను మొదలగు పట్టణములలో 'హాస్పిటల్ సాటర్‌డే' యను నిధులు వెలసెను. శనివారమునాడు కూలి చేతికి వచ్చినప్పుడు పనివారు ఆసుపత్రులకొరకు ఒక పెన్నీయో రెండో తీసి యిచ్చెడివారు. తరువాతి కాలమున పెక్కు కర్మాగారములలో ఆ పెన్నీని యజమానుడే కూలినుండి మినహాయించి పంపసాగెను. తోడిపనివారి యొత్తిడి యిందును లేకపోలేదు. కాని యొక భేదము కలదు. ఈ డబ్బిచ్చినవారు ఆసుపత్రి గడప తొక్కుటకు ధనికుని సిఫారసు ఉత్తరముకొరకు తిరుగనక్కరలేకపోయెను. పెక్కు పట్టణములలో వారి ప్రతినిధులు ఆసుపత్రి పాలకసంఘములయందు కూర్చుండి లెక్కలు అడిగిరి. 1948 లో బ్రిటను ప్రభుత్వము వైద్యమును ఉచితము చేయువరకు ఈ పద్ధతి నడచెను.

అమెరికాలో కథ మరియొక విధముగా నడచెను. 1913 లో క్లీవ్‌లాండు పట్టణమున వేరువేరు ధర్మసంస్థలన్నియు కలిసి యొకేసారి చందా వసూలు చేయు పద్ధతి యేర్పడెను. దినమునకొకరు వచ్చి తలుపు తట్టుటకంటె నిది మేలని వర్తకులును సంతోషించిరి. వేయిమంది యొకేచోట పనిచేయు కర్మాగారముకంటె వసూలునకు అనువైన చోటేది? రెండవ ప్రపంచయుద్ధకాలమున యుద్ధబాండ్లకై జీతములనుండి మినహాయింపులు మొదలాయెను. నూటికి తొంబదిమంది యుద్యోగులు చేరిన సంస్థకు ప్రభుత్వము గౌరవపతాక నిచ్చెడిది. 1943 నుండి ఆదాయపు పన్నునుగూడ జీతమునుండియే పట్టుకొనసాగిరి. జీతపు చిట్టాలో నొక గడికి తోడు మరియొక గడి వేయుట గుమాస్తాకు శ్రమగాదు. చందాకును అట్టి గడి యేర్పడెను.

పతాక మంచి వస్తువే. కాని నూటికి నూరు కావలెనని గురిపెట్టినచో, తొంబదితొమ్మండుగురు చేరిన పిమ్మట మిగిలిన యొక్కని గతి యేమి? అతడు ఎవరో అందరికిని తెలియును. అతని ఇంట రోగియున్నాడో, అప్పులున్నవో, ఆ సంస్థ చేయు పనియే అతనికి సమ్మతము గాదో యెవరును విచారింపరు. ప్రభుత్వ కార్యాలయములలోని వసూళ్లను క్రమబద్ధము చేయుటకు అధ్యక్షుడు ఐసెన్‌హోవరు 1957 లోను, కెన్నెడీ 1961 లోను ఉత్తరువులు వెలువరించిరి. కాలక్రమమున నేర్పడిన నిబంధనలు చదువదగినవి. పైయధికారి తన క్రిందివానిని చందా యడుగరాదు. ఇచ్చితివా లేదా యని విచారింపనుగూడదు. ఒక్కొక్కరికి ఇంతయని మొత్తము నిర్ణయింపరాదు. నూటికి నూరుగురు చేరవలెనని గురి పెట్టరాదు. ఈయనివారి జాబితా తయారు చేయరాదు. ఇచ్చువాడు కోరినచో కవరులో పెట్టి మూసి, ఎంత యిచ్చినదియు తోడివారికి తెలియకుండ నీయవచ్చును. ఊరక పుట్టిన నిబంధన యుండదు. ఇందు నిషేధింపబడిన ప్రతిపనియు నెక్కడనో యెవరో చేసియుందురు. మన పెద్దలు గుప్తదానమని పొగడిన దానిని అచట నొక సర్కారు నిబంధనగా వ్రాసికొనవలసివచ్చెను!

బలవంతముగా పోగైన ధనమునకు లెక్క అడుగువాడును తక్కువ. యునైటెడ్ వే యను పెద్దసంస్థ యధ్యక్షుడు విలియం ఆరమొనీ దుబారా ఖర్చుల యపవాదుపై 1992 లో పదవి వదలుకొనెను. 1995 లో మోసనేరములకు శిక్షపడి చెరసాలకు పోయెను. జీతమునుండి నెలనెలయు మినహాయించుకొన్న డాలర్ల సంగతి ఆ యేట కర్మాగారములలో నెంత కోపముతో చర్చింపబడెనో చెప్పనక్కరలేదు. చందాలు తగ్గిపోయెను, పాపము, నష్టపడినవారు అనాథలును రోగులును.

ఇంతవరకు చెప్పినది లోపము. లోపము రాజ్యనీతియైనచో నేమగునో జర్మనీ చూపినది. 1933 శరత్కాలమున హిట్లరు ప్రభుత్వము 'వింటర్‌హిల్ఫ్‌స్‌వెర్కు' అను శీతకాలసహాయనిధిని ప్రారంభించెను. ఎవరును ఆకలిగొనరాదు, ఎవరును చలికి వణకరాదు అనునది దాని నినాదము. నినాదమున తప్పేమియు లేదు. వీధివీధిని యూనిఫారము తొడిగిన యువకులు ఎఱ్ఱని డబ్బాలు గలగలలాడించుచు నిలిచిరి. డబ్బు వేసినవానికి చొక్కాకు తగిలించుకొనుటకు చిన్న బిళ్ల యిచ్చిరి. ఇంటిచందా ఇచ్చినవారికి, మేమిచ్చితిమి యని వ్రాసిన చీటి తలుపునకు అంటించుకొన నిచ్చిరి. బిళ్ల లేని చొక్కాయు, చీటి లేని తలుపును ఎవరి కంటబడవలెనో వారి కంటబడెను. నెలకొక ఆదివారము ఇంటింటను ఒకే కుండలో వండిన కూడు తిని, మిగిల్చిన డబ్బు వసూలుకు వచ్చినవానికీయవలెను. కార్మికులకును ఉద్యోగులకును ఈ శ్రమయు లేదు. వారి చందా జీతము చేతికి రాకమునుపే మినహాయింపబడుచుండెను. మొదటి శీతకాలముననే 35 కోట్ల మార్కులకు పైగా పోగయ్యెను. లక్షలకొలది పేదలకు బొగ్గును రొట్టెయు దొరకిన మాట నిజము. పేదల భారము ఈ విధముగా ప్రజలమీదికి దొర్లింపబడగా, ఖజానా ధనము ఆయుధములకు మిగిలెనను మాటయు నిజమే. 1935 తరువాత యూదులు ఈ సహాయమునకు బాహ్యులైరి. ఎవరును ఆకలిగొనరాదన్నమాటలో నెవరను పదము అంత కుంచించుకొనిపోయెను.

ఆ దినములలో నొక ప్రభుత్వోద్యోగి ఈ నిధికి చందా యీయక, ఇది స్వచ్ఛందమని మీరే చెప్పితిరిగదా, ఈయకుండుటకు నాకు స్వేచ్ఛ కలదని వాదించెను. అతనిపై విచారణ జరిగెను. చందా స్వచ్ఛందమేయని న్యాయాధిపతులును అంగీకరించిరి. అంగీకరించి, ఆ స్వేచ్ఛను ఈయకుండుటకు వినియోగించుటయే అపరాధమని తీర్పు చెప్పిరి. మోర్టను యుక్తి దీని ముందు పసిపిల్లల యాట.

మన దేశమునకు వత్తము. మొదటి యుద్ధకాలమున పంజాబునందు యుద్ధఋణముల వసూలులో జరిగిన నిర్బంధములు 1920 నాటి కాంగ్రెసు విచారణసంఘపు నివేదికకెక్కినవి. రెండవ యుద్ధమున యుద్ధనిధుల వసూలు తాసీల్దారులకును మునసబులకును అప్పగింపబడినచోట, ఇష్టపూర్వకమను మాటకు ఎంత విలువ యుండునో మన తాతలకు తెలియును. 1940 అక్టోబరున ఆరంభమైన వ్యక్తిసత్యాగ్రహపు నినాదమునందు, మనుష్యులచేగాని ధనముచేగాని యుద్ధమునకు తోడ్పడుట తప్పని చెప్పబడుటకు ఇదియు నొక కారణమైయుండును.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1948 జనవరిలో, దేశవిభజనచే నిరాశ్రయులైన వారికొరకు నెహ్రూ విజ్ఞప్తిపై ప్రధానమంత్రి సహాయనిధి పుట్టెను. అప్పటికే 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము, కూలివాని జీతమునుండి యేయే పద్దులక్రింద మినహాయింపవచ్చునో లెక్కపెట్టి చెప్పియుండెను. తరువాత నొక సవరణచే ఈ సహాయనిధికిచ్చు చందాయు నందు చేర్పబడినది. కాని పనివాడు వ్రాతమూలముగా సమ్మతించినప్పుడు మాత్రమే. ఒప్పుకొనువాడు వ్రాయవలెను. మౌనముగా నున్నవాని జీతము ముట్టరాదు. ఈ చిన్న నియమమున నెంత మర్యాద యున్నదో, అది తలక్రిందులైనప్పుడుగాని మనకు తెలియలేదు.

2018 ఆగస్టులో కేరళను ముంచిన వరదలలో నాలుగువందలకు పైగా జనులు మరణించిరి. రాష్ట్రప్రభుత్వము తన యుద్యోగులను ఒక నెల జీతమీయుమని కోరెను, వాయిదాలమీద నీయవచ్చుననెను. కోరుట తప్పుగాదు, కష్టము సామాన్యమైనది గాదు, వేలకొలది యుద్యోగులు మనసారా నిచ్చిరి. కాని యుత్తరువులో నొక షరతుండెను: ఈయనొల్లనివారు తమ యసమ్మతిని వ్రాసి సమర్పింపవలెను. వ్రాయనివారు సమ్మతించినట్లే. కొందరు ఉద్యోగులు హైకోర్టున కెక్కగా, అక్టోబరులో నా న్యాయస్థానము ఈ షరతును నిలిపివేసెను. ప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోయెను. అదే నెల 29 వ తేదీన సుప్రీముకోర్టు హైకోర్టు ఉత్తరువులో జోక్యము చేసికొననని చెప్పెను. నేనీయలేనని వ్రాసియిచ్చి మనుష్యుడు తన్నుతాను ఏల యవమానపరచుకొనవలెనని న్యాయమూర్తులు ప్రశ్నించిరి. ఈ ప్రశ్నకు ప్రభుత్వముకడ తగిన సమాధానము లేకపోయెను.

అయినను పాఠము నిలువలేదు. మహమ్మారి వ్యాపించిన 2020 ఏప్రిలులో కేంద్రప్రభుత్వపు రెవెన్యూశాఖ తన యుద్యోగులను 2021 మార్చివరకు నెలకొక దినపు జీతమును పి.ఎం. కేర్సు నిధికిమ్మని కోరుచు, అభ్యంతరము గలవారు తమ యుద్యోగిసంఖ్యతో సహా మూడుదినములలో వ్రాసి తెలుపవలెనని సర్క్యులరు పంపెను. మోర్టను వేరొక రూపమున తిరిగివచ్చెను. ఈసారి అతని చేతిలో నున్నది జీతపు చిట్టా.

తెలుగుదేశమున ఇది మరియొక త్రోవను నడచుచున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మమును ముంచినప్పుడు, రెండు రాష్ట్రముల ఉద్యోగసంఘముల నాయకులును అందరి పక్షమున ఒకదినపు వేతనమును విరాళముగా ప్రకటించిరి. మోకాలిలోతు బురదలో ఇండ్లు కడుగుకొనుచున్న వారిని తలచుకొన్నచో, ఆ విరాళమును తప్పుపట్టుటకు నోరు రాదు. కాని నాయకుని ఎన్నుకొన్న యుద్యోగి అతనికి తన తరఫున మాటలాడు హక్కిచ్చినాడు గాని, తన జేబులో చేయిపెట్టు హక్కిచ్చినాడా? ముఖ్యమంత్రిప్రక్క నిలిచి ఫోటో తీయించుకొనునది నాయకుడు. జీతము తగ్గినది నెలాఖరున పాలవానికీ, కిరాణావానికీ బాకీపడు చిన్న యుద్యోగికి. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది. పెద్దజీతముల వారికి ఒకదినపు వేతనము ఒకపూట విందు; చిన్నజీతమువానికి పిల్లవాని పుస్తకములు. దినమొకటే యైనను బరువొకటి గాదు.

మా జవాను నాకీయవలసిన రూపాయలను మరుసటి నెల జీతము రాగానే తెచ్చి నా బల్లమీద పెట్టెను. వలదంటిని, వినలేదు. డబ్బు లెక్కచూచుకొమ్మని చెప్పి, పోబోవుచు వెనుకకు తిరిగి, ఆ వరద యేజిల్లాలో వచ్చినదని నన్నడిగెను.